నల్లి మందుకు నెల కాదు, పిల్లపట్టు గుర్తు

ప్రశ్న: తేనెటీగల పెట్టెల్లో వరోవా నల్లి పోవడానికి ఏటా ఒకే నెలలో ఆక్సాలిక్ ఆమ్లం పెడుతున్నాను. కొన్నాళ్లకే మళ్లీ పెరుగుతోంది. ఎప్పుడు పెట్టాలి?

జవాబు: నెల సంగతి వదిలేసి, పిల్లలున్న చట్రం ఒకటి పైకి తీసి చూడండి. వరోవా గుడ్లు పెట్టేది మైనపు మూత పడిన పిల్లల గదుల్లోనే. కూలి ఈగ గదికి ఆ మూత దాదాపు 12 రోజులు ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం మూత దాటి లోపలికి పోదు, ఈగల ఒంటి మీదున్న నల్లినే చంపుతుంది. చట్రం నిండా పిల్లలున్నప్పుడు నల్లిలో ఎక్కువ భాగం మూతల కిందే ఉంటుంది. మీ పెట్టెల్లో జరుగుతున్నది ఇదేననిపిస్తోంది.

ఏడాదిలో అన్నిటికంటే ముఖ్యమైన అదను చివరి తేనె తీసిన వెంటనే వస్తుంది. అప్పుడు రాణి గుడ్లు తగ్గిస్తుంది, నల్లి మాత్రం తగ్గదు. ఉన్న కొద్ది పిల్లల మీదే అదంతా పడుతుంది. చలికాలమంతా బతకాల్సిన ఈగలు ఆ తర్వాతి వారాల్లోనే పుడతాయి. వాటి ఒంట్లోని కొవ్వును నల్లి తినేస్తే, రెక్కలు ముడుచుకుపోయే వైరస్ అంటుకుంటే, తర్వాత ఎంత మందు పెట్టినా ఆ ఈగలు కోలుకోవు. ఇంకా పిల్లలు ఉంటారు కాబట్టి అప్పుడు మూత లోపలికీ పోయే ఫార్మిక్ ఆమ్లం నయం. ఎండ 30 డిగ్రీలకు చేరితే మాత్రం దాని జోలికి పోకండి, రాణి చనిపోవచ్చు. థైమాల్ అనే మరో మందు అయితే 15 డిగ్రీలు దాటితేనే సరిగ్గా ఆవిరవుతుంది. అమిట్రాజ్ అనే మందు పట్టీలు 6 నుంచి 8 వారాలుంచి తీసేయాలి. అలాగే వదిలేస్తే నల్లి ఆ మందుకు అలవాటు పడుతుంది.

మీ ఆక్సాలిక్‌కు సరైన సమయం చలి ముదిరి, పిల్లలు అసలు లేనప్పుడు. మీ దగ్గర ఏడాదంతా పిల్లలుంటే రాణిని 24 రోజులు పంజరంలో ఉంచండి. మగ ఈగలతో సహా పిల్లలన్నీ బయటికొచ్చేస్తాయి. అప్పుడు పెట్టండి.

పూత కాలంలో తేనె గది పైన ఉండగా, లేబుల్ ఒప్పుకోని మందేదీ వద్దు. తినే తేనె అది! అప్పుడు మగ ఈగల గదులు కొన్ని విప్పి చూస్తుండండి. తెల్లటి పిల్ల మీద ఎర్రటి గోధుమరంగులో, ఎండ్రకాయలా అడ్డంగా సాగిన చుక్క కనిపిస్తే అదే వరోవా.

లెక్క కోసం పిల్లల చట్రం నుంచి అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, ఆల్కహాల్‌లో కడిగి వడకట్టండి. రాణి అందులో లేదని ముందే చూసుకోండి. 9 నల్లులు వచ్చాయంటే నూటికి 3. ఇక ఆగకూడదు. మందు గడువు ముగిశాక మళ్లీ కడిగి లెక్కపెట్టండి. సంఖ్య తగ్గకపోతే అదే మందు మళ్లీ వాడకుండా వేరే రకానికి మారండి.