ఆముదం ఏదయ్యా?

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనిపించింది, రెండోసారికి చిర్రెత్తుకొచ్చింది. ఇటలీ దర్శకుడు ఫెలినీ తన చిన్ననాటి ఊరిని తలుచుకుంటూ తీసిన సినిమా 'అమర్‌కార్డ్' మీద పదకొండు పేజీలు రాశావు. మంచులో పురి విప్పిన నెమలి ఉంది, వసంతం వచ్చిందని గాల్లో తేలే దూదిపింజలున్నాయి, రాత్రిపూట దీపాలతో ధగధగలాడుతూ పోయే రెక్స్ ఓడ ఉంది. 'తియ్యని' అన్న మాట లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు. మరి ఆముదం ఏదయ్యా?

చర్చి గంటగోపురం మీద ఎవరో గ్రామఫోన్ పెట్టి కమ్యూనిస్టుల ఇంటర్నేషనల్ గీతం వినిపిస్తారు, గుర్తుందా? అప్పుడు ఇటలీని ఏలుతున్న ముసోలినీ మనుషులు, ఫాసిస్టులు, దాన్ని తుపాకులతో కాల్చి కింద పడేసి, అనుమానం మీద సినిమాలో కుర్రాడు టిట్టా వాళ్ళ నాన్నని పట్టుకుపోయి బలవంతంగా ఆముదం తాగిస్తారు. ఇళ్ళు కట్టించే మేస్త్రీ, ఇంట్లో అందరి మీదా అరిచే మనిషి, ఆ రాత్రి బట్టలు ఖరాబై ఇల్లు చేరతాడు. పొద్దస్తమానం ఆయనతో పోట్లాడే భార్యే తొట్టిలో కూచోబెట్టి ఒళ్ళు కడుగుతుంది. సినిమా మొత్తం మీద వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాల్లా కనిపించింది నాకు అక్కడే. నువ్వు దానికి సగం వాక్యం కూడా ఖర్చుపెట్టలేదు.

జరిగినవే రాయాలా, కల్పించొచ్చా అని అడిగావు. ఫెలినీ సొంతూరు రిమిని వదిలి రోమ్ వెళ్ళింది 1939లో. 1973లో ఈ సినిమా వచ్చేనాటికి యాభై దాటాయి. సొంతూళ్ళో తియ్యలేదు, రోమ్‌లోని చినెచిట్టా స్టూడియోలో ఊరు ఊరంతా సెట్టు వేయించాడు. రెక్స్ ఓడ కింద కదిలే సముద్రం ప్లాస్టిక్ షీటు. సముద్రం దొంగది, ఆముదం అసలుది. ముసోలినీ మనుషులు గిట్టనివాళ్ళకి నిజంగానే తాగించేవాళ్ళు.

నా మొదటి కథ ఓ వారపత్రికలో వచ్చింది. తిరునాళ్ళలో మా అమ్మమ్మ నాకు జీళ్ళు కొనిపెట్టడం, అదే సాయంత్రం అప్పులాయన గుమ్మంలో నిలబడి ఆవిడ కాళ్ళ కడియాలు తీయించుకోవడం, రెండూ రాశాను. ఎడిటర్‌గారు జీళ్ళు ఉంచి కడియాలు ఎత్తేశారు, పండగ సంచికలో ఏడుపెందుకని. మా బాల్యం గుర్తొచ్చిందంటూ ఉత్తరాలే ఉత్తరాలు. నేనూ పొంగిపోయాననుకో. అమ్మమ్మకి చదువు రాదు, పక్కన కూచోబెట్టుకుని చదివి వినిపించాను. అంతా విని, "నా కడియాలేవిరా?" అంది.

ఇప్పుడా ఎడిటర్ల అవసరం కూడా లేకుండా పోయింది, 'ఆ రోజులే వేరు' అంటూ ఫేస్‌బుక్‌లో ఎవరి కడియాలు వాళ్ళే తీసేసుకుంటున్నారు. ఫీల్‌గుడ్ అట.

నువ్వడిగిన పత్రికల సంగతి, యాస సంగతి తర్వాత చూద్దాం. ఆఖరి పేజీలో మీ నాన్న కొట్టు మూసేశారని ఒక్క ముక్క రాసి, వెంటనే జామచెట్టెక్కావు. పిచ్చాసుపత్రి నుంచి ఒక్కపూట బయటికి తీసుకొచ్చిన టిట్టా బాబాయి టెయో కూడా సినిమాలో అంతే, చెట్టెక్కి ఆడమనిషి కావాలని కేకలు, దింపబోతే రాళ్ళు. నువ్వు జామకాయలు విసురుతున్నావు, అదే తేడా. కొట్టు ఎందుకు మూశారు? అప్పులా? ఆ రోజు తాళం వేసి ఆయన ఎటు నడిచారు, ఇంటికేనా?

అది రాసి పంపు. కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు, నా కళ్ళజోడు మార్చాలి.