అడ్వాన్సు తీసుకున్నారు, బండి కాగితాలు చూపడం లేదు

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఇటలీలో తయారైన డుకాటీ డెస్మోసెడిచి ఆర్‌ఆర్ బైకు కొనాలన్నది నా ఏళ్లనాటి కల. 2008 మోడల్ బండి అమ్మకానికి ఉందని బెంగళూరు వ్యక్తి ఒకరు చెబితే, తెనాలిలో స్థలం అమ్మి 2023 అక్టోబరు 9న 6 లక్షలు అడ్వాన్సు ఇచ్చాను. 4 లక్షలు బ్యాంకు ద్వారా, 2 లక్షలు నగదుగా. 3 నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించి ఇస్తానన్నారు, ఇంతవరకూ లేదు. ఇప్పుడేమో, తన దగ్గర పాత బండి ఆర్‌సీ ఉందని, ఆ ఛాసిస్ నంబరు దీనిమీద వేయిస్తే సరిపోతుందని అంటున్నారు. పాత ఫోను మార్చేశాను, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయి. ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. బండి దక్కే దారి చెప్పండి.

జవాబు: డుకాటీ ఆ బండ్లను 1,500 మాత్రమే తయారుచేసింది. అయినా కోర్టుకు దాని అరుదుతనంతో పని లేదు. అదే ఛాసిస్ నంబరుతో కస్టమ్స్‌లో దాఖలైన బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం), సుంకం కట్టిన రసీదు ఉన్నాయా? మీ వ్యవహారమంతా దీనిమీదే నిలబడి ఉంది. తయారై 3 ఏళ్లు దాటిన వాడిన వాహనాల దిగుమతిని మన విధానం మామూలుగా అనుమతించదు. కార్నెట్ (సుంకం కట్టకుండా తాత్కాలికంగా తెచ్చుకునే అనుమతి పత్రం) మీద వచ్చిన బండిని గడువులోగా తిరిగి దేశం దాటించాలి, ఇక్కడ అమ్మకూడదు. సుంకం ఎగ్గొట్టి తెచ్చిన బండి అయితే 1962 కస్టమ్స్ చట్టం కింద ఎవరి ఇంట్లో ఉన్నా జప్తు కావచ్చు. తెలియక కొన్నానని చెప్పుకున్నంత మాత్రాన మీకు దక్కుతుందన్న భరోసా లేదు.

మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. స్టీరింగ్ హెడ్ మీద నంబరు చుట్టూ రంగు కొత్తగా ఉంది, చివరి అంకెల మీద వెలుతురు పడి చదవడానికి వీల్లేదు. 6 లక్షలు చేతికిచ్చే ముందు ఆ 17 అక్షరాలూ అంకెలూ కాగితం మీద రాసుకోవాలని మీకు తోచకపోవడం నిర్లక్ష్యమే. 2 లక్షల నగదుకు చిన్న రసీదైనా రాయించుకోలేదు. అంత మొత్తం నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద జరిమానా పడేది తీసుకున్న వారికే, కాబట్టి ఆయన ఒప్పుకోరు.

నంబరు మార్పిడికి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. ఫోర్జరీ కేసులో మీరూ నిందితులవుతారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది: చట్టవిరుద్ధమైన పనికి తెలిసి చేతులు కలిపిన వారికి డబ్బు వాపసు ఇప్పించడానికి కోర్టు ముందుకు రాదు. నంబరు మార్పిడి గురించి ఆయన పెట్టిన మెసేజికి మీరు ‘ఆలోచిస్తాను’ అని జవాబిచ్చారు. ఈరోజే ‘నాకు సమ్మతం కాదు’ అని రాయండి. పాతవేవీ చెరిపేయకండి.

కాబట్టి బండిని వదిలేసి డబ్బు వెంట పడండి. వసూలు దావాకు కాలపరిమితి 3 ఏళ్లు. బండి ఇస్తానన్న గడువు ముగిసిన నాటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదనను నమ్ముకుని కూర్చోవద్దు. డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్కపెట్టి, 2026 అక్టోబరు 9 లోపే దావా వేయండి. ఈలోగా ఆయన బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసి ఇస్తే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ తేదీ నుంచి గడువు కొత్తగా మొదలవుతుంది. ‘వచ్చే నెల ఇస్తా’ అన్న ఫోను మాటలు ఎందుకూ పనికిరావు.

బ్యాంకు స్టేట్‌మెంటు ధ్రువీకరించిన ప్రతి తీసుకోండి. అందులో నగదు తీసిన రోజు పద్దు కూడా ఉండాలి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. బ్యాకప్ నుంచి సంభాషణలను కొత్త ఫోనులోకి తెప్పించి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో దాఖలు చేయాలి. బ్యాంకు డబ్బు విజయవాడ ఖాతా నుంచే వెళ్లిందంటున్నారు కాబట్టి, దావా కారణంలో కొంత ఇక్కడే పుట్టిందని చెప్పి విజయవాడ కోర్టులోనే వేయవచ్చు.

ముందుగా న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. బిల్ ఆఫ్ ఎంట్రీ ప్రతి చూపించాలని, లేదా 6 లక్షలూ వడ్డీతో తిరిగి ఇవ్వాలని అడగండి. కవరు తిరిగొస్తే విప్పకండి, అలాగే దావాకు జత చేయండి.