అప్‌డేట్ తర్వాత ప్రింటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది, రిజిస్ట్రీలో సున్నా పెట్టేయొచ్చా?

పెట్టకండి. మామూలు యూజర్ లాగిన్‌లో షేర్డ్ ప్రింటర్ యాడ్ చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందని, యూట్యూబ్ వీడియోలో చూపించినట్టు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) 'రెస్ట్రిక్ట్ డ్రైవర్ ఇన్‌స్టలేషన్ టు అడ్మినిస్ట్రేటర్స్' విలువను 0 చేస్తే ఆ గోల వదులుతుందా అని అడిగారు. వదులుతుంది. కానీ 2021లో మైక్రోసాఫ్ట్ నానా తిప్పలు పడి మూసిన లొసుగు మళ్లీ తెరుచుకుంటుంది.

ఆ లొసుగు పేరు ప్రింట్‌నైట్‌మేర్, భద్రతా లొసుగుల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-34527. ప్రింట్ పనులు చూసే ప్రింట్ స్పూలర్ సర్వీసు సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది, అంటే ఆ మెషీన్లో అది చేయలేని పని దాదాపు ఉండదు. పైగా నెట్‌వర్క్ నుంచి వచ్చే రిక్వెస్టులు కూడా తీసుకుంటుంది. వేరే మెషీన్ నుంచి ఎవరైనా "ఈ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టు" అంటే, ఆ మనిషికి ఆ హక్కు ఉందో లేదో చూడాలి కదా. రిక్వెస్టులో ఒక ఫ్లాగ్ చేరిస్తే ఆ తనిఖీ జరిగేదే కాదు. దాంతో ఏ సాదా డొమైన్ యూజరైనా డ్రైవర్ ముసుగులో తన డీఎల్ఎల్‌ను (ప్రోగ్రామ్ కోడ్ ఉండే ఫైలు) సిస్టమ్ హోదాలో నడిపించుకోగలడు. ఆఫీసులోని యూజర్లు, లాగిన్లు అన్నీ చూసుకునే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్ మీద కూడా స్పూలర్ డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. అది చేతికి చిక్కితే ఆఫీసు మొత్తం చిక్కినట్టే.

అప్పటి కంగాళీ అంతా ఇంతా కాదు. జూన్ 8న స్పూలర్‌లోనే ఒక లొసుగుకు ప్యాచ్ ఇచ్చారు, రిస్కు లోకల్ (ఆ మెషీన్లో ఉన్నవాళ్లతోనే) మాత్రమే అన్నారు, తర్వాత కాదు రిమోట్ (నెట్‌వర్క్ నుంచి కూడా) అని మార్చారు. ఎలాగూ మూసేశారు కదా అనుకుని సాంగ్‌ఫర్ అనే చైనా సెక్యూరిటీ కంపెనీ పరిశోధకులు ఆ లొసుగును వాడుకునే తమ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టారు. తీరా చూస్తే అది వాడుకున్నది మూయని లొసుగు. తీసేసేలోపు కాపీలు వెళ్లిపోయాయి. జూలై 6 నుంచి అత్యవసర ప్యాచ్‌లు వచ్చాయి, సపోర్ట్ అయిపోయిన విండోస్ 7కి కూడా. అయినా పాయింట్ అండ్ ప్రింట్‌లో (షేర్డ్ ప్రింటర్‌కు కలిపితే డ్రైవర్ దానంతటదే వచ్చే సదుపాయం) 'వార్నింగ్ వద్దు' అని పెట్టుకున్న మెషీన్లకు ఆ ప్యాచ్ సరిపోలేదు. అందుకే ఆగస్టు 10 అప్‌డేట్‌తో డ్రైవర్ పెట్టే హక్కును అడ్మిన్లకే పరిమితం చేశారు. మీకు కనిపిస్తున్న ప్రాంప్ట్ అదే.

అప్పట్లో నేను ఒక ఆడిటర్ ఆఫీసుకు సిస్టమ్స్ చూసేవాడిని. రిటర్నుల సీజన్లో ప్రింటర్ ఆగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ప్రింటర్ సర్వీసుకు వచ్చినతను కనిపించిన ప్రతి పీసీలో సున్నా పెట్టేసి, పని అయిపోయిందని వెళ్లిపోయాడు. అవన్నీ మళ్లీ 1 చేసి, ప్రింటర్‌కు నెట్‌వర్క్ పోర్ట్ ఉంది కాబట్టి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చాను. ప్రతి పీసీలో అడ్మిన్ లాగిన్‌తో డ్రైవర్ ఒక్కసారి పెట్టి, టీసీపీ/ఐపీ పోర్ట్‌తో నేరుగా కలిపాను. ఇక షేరింగ్ అవసరమే లేదు. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత షేర్డ్ ప్రింటర్లున్న వాళ్లందరినీ ఏడిపించిన 0x0000011b ఎర్రర్ మా దగ్గరికి రాలేదు. దానికి కూడా యూట్యూబ్‌లో ఇంకో సున్నా మందు చెబుతారు, అదీ వద్దు.

డొమైన్ కంట్రోలర్ నుంచి ప్రింట్ ఎవరూ తీయరు, అక్కడ స్పూలర్ ఆపి, స్టార్టప్ టైప్ డిసేబుల్డ్ చేశాను. మిగతా పీసీల్లో గ్రూప్ పాలసీలో (విండోస్ నియమాలు పెట్టే చోటు) ప్రింటర్స్ కింద 'అలౌ ప్రింట్ స్పూలర్ టు యాక్సెప్ట్ క్లయింట్ కనెక్షన్స్' డిసేబుల్ చేసి, స్పూలర్ రీస్టార్ట్ చేస్తే చాలు. ఆ పీసీ నుంచి ప్రింట్లు మామూలుగానే వెళతాయి, బయటివాళ్లు దాని స్పూలర్‌ను పలకరించలేరు. మీది యూఎస్‌బీ ప్రింటర్ మాత్రమే అయితే, దాన్ని షేర్ చేసే ఆ ఒక్క పీసీని దీని నుంచి మినహాయించి, మిగతా వాటిలో డ్రైవర్లు ముందే అడ్మిన్‌గా పెట్టేయండి.

ఇప్పటికే ఎక్కడైనా సున్నా పెట్టి ఉంటే 1 చేసి, సిస్టమ్32లో స్పూల్, డ్రైవర్స్, ఎక్స్64, 3 అనే ఫోల్డర్లోకి వెళ్లి, మీరు పెట్టని డీఎల్ఎల్‌లు ఏమైనా ఉన్నాయేమో తేదీల వారీగా చూడండి.