పులుసులో కరిగిపోయిన సాల్మన్

ప్రశ్న: మాది భీమవరం. అమ్మాయికి ఐదో నెల, సాయానికని కెనడాలోని సర్రే వచ్చాను. శనివారం షాపులో ఫారం సాల్మన్ కొని సగం ఆ రోజే వేయించాను, చాలా బాగుంది. మిగతాది ఫ్రిజ్‌లో ఉంచి మంగళవారం పులుసు పెడితే ముక్కలన్నీ జావ అయిపోయాయి. కుళ్లిన వాసన ఏమీ లేదు. అమ్మాయి అప్పటికే రెండు ముద్దలు తినేసింది. షాపువాళ్లు "పారసైట్ అయ్యుంటుంది" అని డబ్బు వెనక్కి ఇచ్చారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా? అల్లుడుగారు వారం వారం పచ్చి చేపతో చేసే సుషీ తింటారు, మానిపించాలా?
– ఒక తల్లి, సర్రే

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రి హాయిగా నిద్రపోండి. మీ అమ్మాయి తిన్నది బాగా ఉడికిన ముక్క. నాకు అనుమానంగా ఉన్న పరాన్నజీవి మనుషులకు జబ్బు చేసేది కాదు. మీ వంటలోనూ తప్పు లేదు.

నేను నరసాపురంలో పుట్టినదాన్ని. మీరు ఇప్పుడున్న బ్రిటిష్ కొలంబియా తీరంలోనే ఒక చేపల ప్లాంటు ల్యాబ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. మైక్రోస్కోపు కింద చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, వాసన లేకుండా మూడు రోజుల్లో కండ కరిగిపోయిందంటే నాకు మొదట గుర్తొచ్చేది కుడోవా థిర్సైటిస్. దక్షిణాఫ్రికాలో స్నూక్ అనే చేప కండలో దీన్ని మొదట గుర్తించారు, ఆ చేప శాస్త్రీయ నామమే దీనికీ వచ్చింది. ఇది పురుగు కాదు. కంటికి కనిపించదు. జెల్లీ ఫిష్‌కు దూరపు చుట్టం.

సముద్రంలో వేసిన వల కేజ్‌లలో పెరిగేటప్పుడు నీటి ద్వారా చేపకు అంటుకుంటుంది. కండ పోగు లోపల చేరి కూర్చుంటుంది. చేప మాత్రం బాగానే ఈదుతుంది, మేత తింటుంది, పైకి ఏ మచ్చా ఉండదు. అసలు కథ చేప చచ్చాక మొదలవుతుంది. ఈ జీవి వదిలే ఒక ఎంజైమ్ కండలోని ప్రొటీన్‌ను కరిగించేస్తుంది. బతికున్నంతకాలం దాన్ని అదుపులో ఉంచిన చేప శరీరం ఇక ఆపలేదు. రెండు మూడు రోజుల్లో కండ జారిపోతుంది. మీ శనివారం వేపుడు బాగుండి, మంగళవారం పులుసు చెడిపోవడానికి కారణం ఇదే.

ప్లాంటులో మేము కొన్ని ఫిల్లెట్లను చల్లగదిలో ట్రేలలో ఉంచి, రోజూ పొద్దున్నే బొటనవేలితో నొక్కి చూసేవాళ్లం. మొదటి రోజు రబ్బరులా ఎదురుతిరిగిన కండే మూడో రోజుకి వేలు పెడితే మీగడలోకి దిగినట్టు దిగేది. రెండేళ్లు కేజ్‌లో మేపిన చేప అలా అయిపోతే ఆ ఫారం మనిషికి ఫోన్ చేసి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. దీనికి మందు లేదు. నీటిని అల్ట్రావయొలెట్ కాంతితో శుద్ధి చేస్తే చేపకు అంటదు, కానీ తెరిచి ఉన్న సముద్రంలో ఆ పని ఎలా చేస్తారు?

మన పులుసు పద్ధతి కూడా దానికి కలిసొచ్చి ఉంటుంది. ఈ ఎంజైమ్ 55 డిగ్రీల దగ్గర మరీ జోరుగా పనిచేస్తుంది. సన్న సెగ మీద ముక్క ఆ వేడిలో చాలాసేపు ఉండిపోతుంది. అదే తీరంలో దొరికే హేక్ చేపతో సురిమి (చేప కండను రుబ్బి చేసే ముద్ద) చేసేవాళ్లకూ ఇదే తలనొప్పి, అందుకే అందులో గుడ్డు తెల్లసొన లాంటివి కలుపుతారు. మీరు ఇకమీదట చేప తెచ్చిన రోజే వండండి. పులుసు తెర్లుతున్నప్పుడు ముక్కలు వేయండి.

అల్లుడుగారి సంగతి వేరు, అక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. ఇదే జాతిలో కుడోవా సెప్టెంపంక్టాటా అని ఇంకొకటి ఉంది. జపాన్‌లో హిరామే అనే బల్లపరుపు చేపను ఫారాల్లో పెంచుతారు, కొరియా నుంచీ తెప్పించుకుంటారు. దాన్ని పచ్చిగా తిన్న కొందరికి కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు అయ్యేవి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోయేవి కూడా. కారణం ఏమిటో తేలాక, 2011 జూన్‌లో జపాన్ ఆరోగ్య శాఖ దీన్ని ఆహార విషానికి కారణంగా గుర్తించింది. గ్రాము కండలో 10 లక్షలకు మించి దీని స్పోర్లు (బీజకణాలు) ఉన్న చేపను అమ్మకూడదని నియమం పెట్టింది. మైనస్ 20 డిగ్రీల్లో 4 గంటలు ఉంచినా, 75 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉడికించినా అది చస్తుంది. కాబట్టి సుషీ మానిపించనక్కర్లేదు, చేపను ముందే ఫ్రీజ్ చేసే చోట తినమనండి. అమ్మాయికి మాత్రం కాన్పు అయ్యేదాకా పచ్చి చేప వద్దే వద్దు.

ఇంకొక్క పని చేయండి. ఆ ప్యాకెట్ కవరు ఇంకా ఉంటే దాని మీది లాట్ నంబరు షాపువాళ్లకు ఇవ్వండి. అలాంటి నంబరు మా ల్యాబ్‌కు వచ్చిన రోజున ఆ చేప ఏ కేజ్ నుంచి వచ్చిందో వెతికి, అక్కడ మిగిలిన చేపలను అమ్మకానికి పంపేముందు మళ్లీ పరీక్షించేవాళ్లం.