చింతచెట్టు కింద ఒక రకం, పైకొమ్మన ఇంకో రకం

ఒకే అడవిలో ఇన్ని రకాల సీతాకోకచిలుకలు ఎట్ల పుట్టినాయి, చెట్ల ఎత్తుకూ వాటికీ ఏమన్నా సంబంధం ఉందా అని అడిగినారు కదా. ఉంది, చానా ఉంది.

మాది కడప జిల్లా సిద్ధవటం పక్క, లంకమల అడవికి దగ్గర. మూడేండ్ల కింద వానలు తగ్గినాక బాగా మగ్గి నల్లబడిన అరటిపండ్లు బెల్లంతో పిసికి రెండు టెంకాయ చిప్పల్లో వేసి, ఒకటి మా చింతచెట్టు మొదట్లో పెట్టి ఇంకోటి తాడుతో పైకొమ్మకు లాగి కట్టినా. కింది చిప్పకు పొద్దు గూకే యాళకు ఈవెనింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక వచ్చింది, రెక్కలు మూసుకోని రాలిన ఆకుల్లో కూర్చుంటే నా కాలికి జానెడు దూరంలో ఉన్నా కనపడలా, రంగూ ఎండాకే, అంచూ ఎండాకే. వానాకాలంలో పుట్టినవాటికైతే రెక్క మీద కండ్ల మాదిరి చుక్కలు బాగా తెలుస్తాయి, ఎండాకాలం వాటికి అవి దాదాపు మాసిపోతాయి. పైచిప్పకు మాత్రం మిట్టమధ్యాన్నం బ్లాక్ రాజా అనే ఇంకో రకం వచ్చింది, ఒళ్లు గట్టిది, విసురుగా వచ్చి వాలడం, కొమ్మ కదిలితే చాలు మళ్లీ కనపడదు.

ఎందుకిట్ల అంటే, నాకర్థమైనంతవరకు అసలు సంగతి రెక్కలు రాకముందుండే గొంగళిపురుగు తిండి దగ్గరుంది. బ్రౌన్ పురుగు గడ్డి, వరి ఆకు తింటుంది, రాజా పురుగు చింతాకు తింటుంది, అందుకని గుడ్లు పెట్టే తల్లి కూడా ఆ ఎత్తులోనే తిరగాల. ఆ ఎత్తులో ఉండే వెలుతురూ గాలీ పిట్టలూ తరతరాలుగా రెక్కను చెక్కుతా వస్తాయి.

మనది ఆకు రాల్చే పలచటి అడవి, అంతస్తులు అంత తేటగా తెలీవు. అమెజాన్ అడవుల్లో మోర్ఫో అనే జాతి ఉంది, సుమారు 30 రకాలు. చెట్ల నీడలో తిరిగేవి కొమ్మల మధ్య తప్పించుకోవాల కాబట్టి రెక్కలు బాగా ఆడిస్తాయి, చెట్ల తలల పైన బయలు ఉంటుంది కాబట్టి అక్కడికి చేరిన రకాల్లో కొన్ని రెక్కలు చాపి గద్ద మాదిరి తేలిపోతాయి. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో వాటి ఎగురుడును వీడియో తీసి కొలిచి 2021లో ‘సైన్స్’ అనే పత్రికలో వేసినారు, పైవాటి రెక్క తేలడానికి ఎక్కువ పనికొస్తుందని తేలింది. అదే అడవుల్లో నేలకు కొంచెం ఎత్తులో పోయే సితేరియాస్ అనే సీతాకోకచిలుకకు రెక్కలు గాజు మాదిరి ఉంటాయి, నీడలో అది పోతాంటే వెనక రెక్కన గులాబి మరక తప్ప ఏమీ కనపడదంట. నాకు దాన్ని ఒక్కసారన్నా కండ్లారా చూడాలని ఉంది.

మీరూ చూడాలనుకుంటే కార్తీకం దాటినాక రెండు చిప్పలు కట్టండి, తాడుకు కాస్త ఆముదం పూయండి, లేకపోతే చీమలే మొత్తం తినేస్తాయి.