ఖరీదైన స్పీకర్లు ఎంచుకొనే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన జాబితా చూశాను. ఒక జతకు బెరీలియం లోహంతో చేసిన ట్వీటరు, అంటే హెచ్చు స్వరాలు పలికే చిన్న భాగం, ఉందని, ఇంకొక దాని పెట్టె అంతా అల్యూమినియమేనని, మూడో దానికి పోర్టు, అంటే పెట్టెలోని గాలి బయటికి పోయే గొట్టం, లేదని, నాలుగోది అసలు పెట్టే లేకుండా విద్యుదావేశంతో పలుచని పొరను కంపింపజేసే ఎలక్ట్రోస్టాటిక్ పలక అని వివరంగా వ్రాసి, వీటిలో ఏది మేలైనదో తేల్చి చెప్పమన్నావు. వివరాలు చదివి తేల్చగలిగే సంగతి కాదది. స్పీకరు తయారుచేసేవాడు ఒక సుగుణం కావాలనుకున్న ప్రతిసారీ మరొక సుగుణాన్ని కొంత వదులుకోక తప్పదు. ధర పెరిగేకొద్దీ ఆ నష్టం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. అందుచేత ఏ స్పీకరు ముందు కూర్చున్నా, దీనిలో ఏమేమి పెట్టారు అని చూసే ముందు, దేన్ని వదులుకున్నారు, ఆ లోటు నా గదిలో నాకు వినిపిస్తుందా అని అడగడం అలవాటు చేసుకో.

బాస్‌తో, అంటే మంద్రస్వరాలతో, మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ ఈ బేరం అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. పెట్టె చిన్నదిగా ఉండాలి, బాస్ లోతుకు దిగాలి, తక్కువ శక్తితోనే గట్టిగా మోగాలి అనే మూడు కోరికలలో రెండు మాత్రమే తీరతాయి. 1954లో ఎడ్గార్ విల్చర్ రూపొందించిన ఏఆర్-1 స్పీకరు, పూర్తిగా మూసిన పెట్టెలోని గాలినే కోనుకు (ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే గరాటు ఆకారపు పొరకు) స్ప్రింగుగా వాడుకొని, అంత చిన్న పెట్టెలో అంతకు ముందు ఎవరూ ఊహించని బాస్ పలికించింది. దానికి మూల్యంగా ఎక్కువ శక్తిగల ఆంప్లిఫయరు అవసరమైంది. పోర్టు ఉన్న పెట్టెల లెక్కను 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, ఆ తరువాత 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ ఒక పద్ధతికి తెచ్చారు. నేటికీ డ్రైవరు (పెట్టెలో ధ్వని పుట్టించే భాగం) వివరపత్రాలలో కనిపించే ముఖ్యమైన అంకెలు వారి పేర్ల మీదే చెలామణి అవుతున్నాయి.

మూసిన పెట్టెలో ఒక హద్దుకు దిగువన పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య, హెర్ట్జ్‌లలో కొలుస్తారు) సగమైన ప్రతిసారీ ధ్వని సుమారు 12 డెసిబెల్స్ (బిగ్గరతనం కొలమానం) చొప్పున తగ్గుతుంది; పోర్టు ఉన్నదానిలో 24 చొప్పున తగ్గుతుంది. అంటే పోర్టు స్పీకరు ఒక లోతు వరకు ధారాళంగా పలికి, అక్కడి నుంచి ఒక్కసారిగా జారిపోతుంది. ఆ హద్దుకు దిగువన గాలి ఆసరా లేక దాని కోను ఊరికే ఊగిసలాడుతుంది. నువ్వు చెప్పిన గది చిన్నది. మూసి ఉన్న చిన్న గది లోతైన బాస్‌ను తనంతట తానే కొంత పెంచుతుంది కనుక, మెల్లగా తగ్గే మూసిన పెట్టె అటువంటి చోట చక్కగా కుదురుతుంది. అదే గదిలో లోతైన పోర్టు స్పీకరు పెడితే బాస్ ఉబ్బరించి, పాడేవారి గొంతును కూడా కప్పేయవచ్చు. పోర్టులో దూర్చడానికి నురుగు బిరడాలు ఇస్తే వాటిని తప్పక వాడి చూడు.

ఇక నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన విషయం, వివరపత్రాలలో చాలా అరుదుగా కనిపించే విషయం, స్పీకరు ధ్వనిని ఏయే దిక్కులకు ఎంతెంత పంపుతుందనేది. కుర్చీలో నువ్వు వినేదానిలో సూటిగా వచ్చేది ఒక భాగమే. మిగిలినది పక్క గోడలకు, పైకప్పుకు, నేలకు తగిలి తిరిగి వచ్చేది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లను తెరచాటున ఉంచి, పేరూ రూపమూ తెలియనివ్వకుండా శ్రోతలకు వినిపించి చేసిన పరీక్షల ఫలితాలు 1980లలో వెలువడ్డాయి. ఎదురుగా కొలిచినప్పుడు సమంగా ఉండి, పక్కలకు వెళ్లేకొద్దీ ఎగుడుదిగుళ్లు లేకుండా క్రమంగా తగ్గే స్పీకర్లనే అత్యధికులు మెచ్చుకున్నారని వాటిలో తేలింది. పేరు కనబడితే తీర్పు మారిపోతుందన్నది ఆ తరహా పరీక్షలు నేర్పిన రెండో పాఠం. కొనేవారు దాన్ని వినడానికి అంతగా ఇష్టపడరు.

ఈ పక్కల సంగతి ఎలా చెడుతుందో చూడు. ఆరున్నర అంగుళాల వూఫరులో (మంద్రస్వరాలు పలికే డ్రైవరులో) నిజంగా కదిలే కోను వెడల్పు సుమారు 13 సెంటీమీటర్లు. 2600 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగదైర్ఘ్యం కూడా దాదాపు అంతే. తరంగదైర్ఘ్యం కోను వెడల్పుకు దిగివచ్చేసరికి ధ్వని నలుదిక్కులకూ పరుచుకోవడం మాని టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది. సరిగ్గా అదే ప్రాంతంలో పని అందుకొనే ట్వీటరు ఒక్క అంగుళమే కావడంతో విశాలంగా వెదజల్లుతుంది. ఫలితంగా ఎదురుగా కొలిస్తే గ్రాఫు గీత సరళంగా ఉన్నా, గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వనిలో 3000, 4000 హెర్ట్జ్ ప్రాంతం పొంగి ఉంటుంది. అరగంట విన్నాక కారణం తెలియకుండా చెవి అలసిపోయే స్పీకర్లు అనేకం ఈ కోవలోవే.

దీనికి మందులు ఉన్నాయి, ప్రతి మందుకూ పథ్యం ఉంది. ట్వీటరుకు పని ఇంకా కింది నుంచే అప్పగించవచ్చు. కాని అదే బిగ్గరతనానికి పౌనఃపున్యం సగమైతే దాని డోము (గుమ్మటంలాంటి పొర) నాలుగింతలు కదలాలి కనుక అది త్వరగా అలసి వక్రధ్వనులు పలుకుతుంది. ట్వీటరు చుట్టూ గిన్నెలాంటి వేవ్‌గైడ్ పెట్టి దాని వెదజల్లుడును వూఫరుకు సరిపోల్చవచ్చు. ఆకారం ఏమాత్రం తప్పినా అది తన సొంత స్వరం కలుపుతుంది. మధ్యలో చిన్న మిడ్‌రేంజి (మధ్యస్వరాల) డ్రైవరు చేర్చి మూడు మార్గాల స్పీకరు చేయవచ్చు; ఖర్చు, స్వరాలను పంచే క్రాసోవర్ సర్క్యూటు సంక్లిష్టత రెండూ పెరుగుతాయి. లేదా టానాయ్ సంస్థ 1947 నుంచీ, కేఈఎఫ్ సంస్థ 1988 నుంచీ చేస్తున్నట్లు ట్వీటరును వూఫరు నడిబొడ్డునే అమర్చవచ్చు. అప్పుడు చుట్టూ కదిలే కోనే ట్వీటరుకు గోడ అవుతుంది కాబట్టి బాస్‌కు ఆ కోను ఎక్కువగా ఊగకుండా చూసుకోవాలి. నీ అభిరుచికీ గదికీ మంచి వేవ్‌గైడ్ ఉన్నదో, మూడు మార్గాలదో నేనైతే ముందుగా వింటాను.

డ్రైవర్ల మధ్య పనిని పంచే క్రాసోవర్ విషయంలో ప్రకటనలు లోపలి కెపాసిటర్ల జాతకం చెబుతాయి గాని, ఆ పంపకం ఎలా జరిగిందన్నదే వినిపించే తేడా. మెల్లగా తగ్గే తొలి తరగతి (తరగతి పెరిగేకొద్దీ తగ్గుదల నిటారవుతుంది) క్రాసోవర్ తరంగం ఆకారాన్ని చెదరనివ్వదని కొందరు డిజైనర్లు గట్టిగా నమ్ముతారు. కాని అందులో రెండు డ్రైవర్లూ చాలా విశాలమైన ప్రాంతంలో కలిసి పలకడం వల్ల, నువ్వు కుర్చీలోంచి లేచి నిలబడితే స్వరం మారిపోతుంది. ఇంజనీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీల పేరిట 1976లో వెలుగులోకి వచ్చిన పద్ధతిలో నాలుగో తరగతిది నిటారుగా తగ్గిస్తుంది, డ్రైవర్లను వాటి హాయైన పరిధిలోనే ఉంచుతుంది. నేను రెండోదానివైపే మొగ్గుతాను. ఏది కొన్నా చెవిని ట్వీటరు ఎత్తుకు తెచ్చుకొని వినాలి. మెత్తని సోఫాలో కూరుకుపోయి విని స్పీకరును నిందించేవారు తక్కువేమీ కాదు.

పెట్టె విషయానికి వస్తే, దాని గోడలు కంపించి స్వరం కలపకూడదన్న లక్ష్యం అందరిదీ ఒకటే, దారులు వేరు. అల్యూమినియం పెట్టె చేసేవారు గట్టిదనాన్ని పెంచి ఆ కంపనాన్ని పై పౌనఃపున్యాలకు తోసేస్తారు, అక్కడ దాన్ని కట్టడి చేయడం సులువు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు తమ చిన్న ఎల్ఎస్3/5ఏ స్పీకరులో ఇందుకు విరుద్ధంగా పలుచని ప్లైవుడ్ గోడలకు లోపల తారు పలకలు అతికించి, కంపనాన్ని పుట్టినచోటే మింగించారు. రెండు దారులూ గమ్యం చేరుస్తాయి కనుక బరువును నాణ్యతకు కొలతగా తీసుకోకు. పెట్టె ముందు భాగం వెడల్పును మాత్రం గమనించు: 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే సుమారు 600 హెర్ట్జ్ దిగువన ధ్వని వెనక్కి కూడా పాకిపోయి, ముందున్న నీకు క్రమంగా 6 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. దాన్ని క్రాసోవర్‌లో సరిచేస్తారు. గోడకు దూరంగా ఉంచుతారని తలచి పూర్తిగా సరిచేసిన స్పీకరును నువ్వు గోడకు ఆనించి పెడితే దాని గొంతు బరువెక్కుతుంది.

కోను పదార్థాల గురించి ఎక్కువ చెప్పను. ఒక అంగుళం అల్యూమినియం డోము సాధారణంగా 25,000 హెర్ట్జ్ ప్రాంతంలో తన ఆకారం కోల్పోయి గింగురుమంటుంది. బెరీలియంది, వజ్రానిది ఇంకా పైన. మనిషి చెవి హద్దు యౌవనంలోనే 20,000 అయినప్పుడు, ఆ ఆధిక్యానికి ఎంత చెల్లిస్తున్నావో లెక్క వేసుకో. వూఫరులో మాత్రం పదార్థం నిజంగా వినిపిస్తుంది: లోహపు కోను గింగురుమనే స్థానం వినికిడి పరిధిలోనే ఉండడం వల్ల క్రాసోవర్ దాన్ని గట్టిగా అణచాలి, కాగితపు కోను అంత గట్టిగా ఉండదు గాని మెల్లగా, చెవికి గుచ్చుకోకుండా ఆకారం తప్పుతుంది.

సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత బిగ్గరగా మోగుతుందన్న) అంకెను ఆంప్లిఫయరుతో కలిపి చదవాలి. 94 డెసిబెల్స్ స్పీకరుకు ఒక వాటు చాలే చోట 84 దానికి పది వాట్లు కావాలి. ఆ అంకెను 2.83 వోల్టుల వద్ద కొలిస్తే 8 ఓముల (ఇంపెడెన్స్, అంటే విద్యుత్తుకు స్పీకరు చెప్పే అడ్డు, కొలమానం) స్పీకరు ఒక వాటు తీసుకుంటుంది, 4 ఓములది రెండు వాట్లు తీసుకొని 3 డెసిబెల్స్ మెరుగ్గా కనిపిస్తుంది. 8 ఓములని ముద్రించిన స్పీకరు కొన్నిచోట్ల 3కి దిగడమూ ఉంది. నీ దగ్గరున్న చిన్న ఆంప్లిఫయరు అక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ పలకల ఇంపెడెన్స్ పై పౌనఃపున్యాల వద్ద ఇంకా దిగుతుంది. 1957లో పీటర్ వాకర్ క్వాడ్ సంస్థ నుంచి తెచ్చిన మొదటి పలకల నుంచి నేటి వరకు మానవకంఠాన్ని అంత స్వచ్ఛంగా పలికేవి అరుదని ఒప్పుకుంటాను. కాని వాటికి వెనుక విశాలమైన ఖాళీ కావాలి, బిగ్గరగా వినేవారికి పనికిరావు. నీ గదిలో ఆ ఖాళీ లేదు, కనుక జాబితాలోంచి దాన్ని కొట్టేయి.

మిగిలిన మూడింటినీ నీ గదిలోనే విను. పోల్చేటప్పుడు రెంటి బిగ్గరతనాన్నీ మీటరుతో సమానం చెయ్యి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినది మెరుగైనదిగానే తోస్తుంది. వెనుక గోడకు స్పీకరు ముందుభాగం మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర తిరిగి వచ్చిన తరంగం అసలు దాన్ని కొంత రద్దు చేస్తుంది, అయిదు మీటర్ల పొడవున్న గది 34 హెర్ట్జ్ దగ్గర హోరెత్తుతుంది. ఈ రెండు దోషాలనూ స్పీకరు ఖాతాలో వేయకుండా, స్పీకర్లను, కుర్చీని కొద్దికొద్దిగా జరిపి చూశాకే తీర్పు చెప్పు. అన్నిటికీ ముందు గది పొడవు, వెడల్పు, ఎత్తు, కుర్చీకి వెనుక గోడకు మధ్య దూరం కొలిచి నాకు వ్రాయి. ఆ మూడు స్పీకర్లకూ పక్క కోణాలలో కొలిచిన గీతలు దొరికితే అవి కూడా పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న