కవర్లు పారేయకండి

ప్రశ్న: ప్రొఫెసర్‌గా చేసిన మా తాతగారి ఉత్తరాలు, డైరీలు, నోట్సు ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో తీసుకుంటారా?

జవాబు: సాధారణంగా తీసుకుంటారమ్మా, ముందు ఒకసారి చూసి. అచ్చయిన పుస్తకం ఇంకోచోట దొరుకుతుంది, కొట్టివేతలున్న చిత్తుప్రతి ఒక్కటే ఉంటుంది. అధ్యాపకుల కాగితాలు, సమావేశాల మినిట్స్, విద్యార్థుల కరపత్రాలు, ఫొటోలు అన్నీ మా ఆర్కైవ్స్ వాళ్ల సరుకే. దయచేసి మీరు సర్దకండి! ఆయన పెట్టుకున్న వరసే మాకు ఆధారం. నేను ఉద్యోగంలో ఉండగా ఒకావిడ ముచ్చటపడి ఉత్తరాలన్నీ బయటికి తీసి, కవర్లు పారేసి తెచ్చారు. కవర్లతోపాటు పోస్టు ముద్రలూ పోయాయి. తేదీ లేని ఉత్తరాలు ఎప్పటివో తేల్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తుప్పు పిన్నులు పీకకండి, కాగితం చిరుగుతుంది. సెల్లో టేపు అసలే వద్దు. ఏవి కొన్నేళ్లు ఎవరికీ చూపకూడదో ఇచ్చేముందే రాసుకోండి.